ఇశ్రాయేలు పిల్లలకు నర్సమ్మ

కిల్కెన్నీలో తెలుగువాళ్ళందరూ లీలారాణిని పాస్టరమ్మగారు అంటారు. ఆ పిలుపు ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. ఆవిడ నర్సుగా ఐర్లండు వచ్చింది, ఇప్పటికీ నర్సుగానే పిల్లల వార్డులో పనిచేస్తోంది. భర్త ఏలీయా ఆవిడ వీసా మీద వెనకాల వచ్చాడు. వృద్ధుల నర్సింగ్ హోములో కేరర్‌గా చేరాడు, నేటికీ అక్కడే చేస్తున్నాడు. ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే మాత్రం "ప్రభువు సేవలో ఉన్నానండీ" అంటాడు.

ప్రభువు సేవ అంటే ఆదివారం మధ్యాహ్నం హర్లింగ్ అనే ఇక్కడి కర్రబంతి ఆట క్లబ్బు ఒకదాని మేడమీది గదిలో జరిగే తెలుగు సహవాసం. మొదట్లో మేమంతా వాటర్‌ఫర్డ్ సంఘానికి వెళ్ళేవాళ్ళం. అక్కడ మైకు ఎవరి చేతిలో ఉండాలన్న విషయమై ఆత్మీయమైన భేదాభిప్రాయం వచ్చింది. ఏలీయా సొంత మైకు కొనుక్కున్నాడు. కిల్కెన్నీ సంఘం అలా పుట్టింది.

నేనూ ఆ సంఘంలోదాన్నే. లీలారాణీ నేనూ ఒకే వార్డు. కాబట్టి ఈ కథలో కొంత నా కళ్ళతో చూసింది, మిగతాది టీ బ్రేకుల్లో ఆవిడ చెప్పింది.

ఏలీయాకు యూదులంటే ప్రాణం. ఇండియాలో గానీ ఐర్లండులో గానీ ఆయన ఒక్క యూదుణ్ణి కూడా కలిసి ఎరగడు. ఆ ప్రేమ అంత గట్టిగా నిలవడానికి కారణం అదేనని నా అనుమానం. ఇంట్లో టీవీ పక్కన యెరూషలేము పటం, ఫ్రిజ్ మీద యొర్దాను నీళ్ళ సీసా, ఆన్‌లైన్లో తెప్పించిన పొట్టేలు కొమ్ము బూర. ఆ బూర ఊదడం ఆయనకు రాదు. అయినా ప్రతి ఆదివారం ఆరాధన ముందు ఊదుతాడు. మొదటివారం కింద బారులో కూర్చున్న ముసలాయనలిద్దరు పైకొచ్చి, ఎవరికైనా దెబ్బ తగిలిందా, అంబులెన్సు పిలవమంటారా అని అడిగి వెళ్ళారు.

మా వార్డుకు డబ్లిన్ నుంచి అప్పుడప్పుడూ ఎలర్జీల డాక్టరు ఒకావిడ వస్తుంది. పేరు డెబ్రా. పొట్టిగా, చురుగ్గా, నడుస్తూనే మాట్లాడే మనిషి. ఒకరోజు ఆమె లీలారాణి వెంటపడి నడుస్తూ అడిగింది: ఆగస్టులో ఏం చేస్తున్నావు, మా పిల్లల వేసవి క్యాంపుకు నర్సు కావాలి, ఏటా వచ్చే నర్సు ఈసారి కాన్పుకు వెళ్ళిపోయింది, అత్లోన్ దగ్గర సరస్సు ఒడ్డున ఒక బోర్డింగ్ స్కూలు అద్దెకు తీసుకుంటాం, రెండు వారాలు, మీ అమ్మాయినీ తీసుకురా, స్టాఫు పిల్లలు క్యాంపులో చేరిపోవచ్చు. "మేం యూదులం. నీకేం ఇబ్బంది లేదుగా?" అని చివర్లో చేర్చింది.

లీలారాణికి ఆ మాటలన్నిట్లోనూ వినపడింది ఒక్కటే. రెండు వారాలు వేరే ఎవరో వండుతారు. దేశదేశాల నుంచి వచ్చే దైవజనులకు వండి వండి ఆవిడ గరిటె అరిగిపోయింది. వెంటనే సరేనంది.

ఇంటికెళ్ళి మెల్లగా చెబుదామనుకుంది గానీ 'యూదుల' అన్న మాట నోట్లోంచి రాగానే ఏలీయా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"లీలా, నువ్వేం మాట్లాడుతున్నావో నీకు అర్థమవుతుందా?"

"క్యాంపులో నర్సు ఉద్యోగవండీ. పిల్లలకి జ్వరాలూ, దెబ్బలూ."

"అబ్రాహాము సంతానానికి జ్వరాలు! వాటిని నీ చేతుల్లో పెడుతున్నాడు దేవుడు!" అని అక్కడికక్కడే మోకరించాడు. కూతురు అబిగేయిల్ హెడ్‌ఫోన్సు తీసి, "వాట్స్ రాంగ్ విత్ డాడ్?" అని అడిగింది. ఆ పిల్లకు పదకొండేళ్ళు. పుట్టింది కిల్కెన్నీలోనే. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అచ్చం ఐరిష్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది.

ఆ ఆదివారం మైకులో ప్రకటన వచ్చింది. "నా భార్యను ప్రభువు ఇశ్రాయేలు పిల్లలకు వైద్యురాలిగా నియమించాడు. హల్లెలూయా!" అందరం చప్పట్లు కొట్టాం. కూడిక అయ్యాక లీలారాణి చుట్టూ గుంపు. ఒకాయనకు యూదులు దీవించిన నూనె కావాలట. ఒకామెకు కొడుకు ఫొటో మీద వాళ్ళ చెయ్యి పెట్టించి తీసుకురావాలట. ఫోర్క్‌లిఫ్టు నడిపే టైటస్ మా సంఘం వీడియోలన్నీ తీస్తాడు. అక్కడ సిగ్నల్ ఎలా ఉంటుంది సిస్టర్, లైవ్ పెట్టొచ్చా అని అడిగాడు. ఏలీయా ఒక అట్టపెట్టె నిండా కరపత్రాలు అచ్చువేయించాడు. యేసే మెస్సీయ అని ఇంగ్లీషులో నచ్చజెప్పే కరపత్రాలు.

"పడుకునే ముందు ఒక్కో దిండు కింద ఒక్కోటి పెట్టు. ఎవరికీ కనపడకుండా" అన్నాడు.

"దొంగతనంగానా?"

"జ్ఞానంగా."

లీలారాణి పెళ్ళయిన నాటినుంచీ భర్త మాటకు సరేననే అంటోంది. ఇప్పుడూ సరేనంది. పెట్టె కారు డిక్కీలో పెట్టుకుని వెళ్ళింది. అక్కడ దాన్ని బయటకి తియ్యలేదు. "తియ్యకూడదని ఏం అనుకోలేదే. తీసే టైము రాలేదంతే" అని నాతో అంది. అప్పుడు ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడని ఒక తృప్తి కనిపించింది.

ఆ స్కూలు క్యాథలిక్కులది. ముందు హాల్లో నిలువెత్తు మరియమ్మ విగ్రహం ఉంటుంది. స్కూలు కేర్‌టేకరు జెర్రీ అని ఒక పెద్దాయన. యూదులకు విగ్రహాలు కూడవు గనక, క్యాంపు మొదలయ్యేరోజు ఆయన ఆ విగ్రహాన్ని ట్రాలీ మీద ఎక్కించి ఆటసామాన్ల గదిలోకి తోసుకెళ్ళాడు. లీలారాణి నోరు తెరుచుకుని చూస్తుంటే, "షీ'స్ గ్రాండ్. ఆవిడా యూదుల అమ్మాయేగా, ఏమీ అనుకోదు" అన్నాడు.

ఇశ్రాయేలు పిల్లలు బస్సుల్లోంచి దిగారు. డబ్లిన్ నుంచి కొందరు, బెల్‌ఫాస్టు నుంచి కొందరు, మాంచెస్టర్ నుంచి కొందరు. భర్త చెప్పగా చెప్పగా లీలారాణి మనసులో ఎక్కడో గడ్డాలూ, అంగీలూ, మొహాల్లో ఒకలాంటి వెలుగూ ఉన్నాయి. దిగినవాళ్ళ చేతుల్లో క్రిస్పులూ, కాళ్ళకు మురికి ట్రైనర్లూ ఉన్నాయి. ఒకడు బస్సు మెట్ల మీదే వాంతి చేసుకున్నాడు. దేవుడు ఏర్పరచుకున్న ప్రజల్లో సగం మందికి పేలు. లీలారాణి మొదటి మూడు రోజులూ పేలు దువ్వుతూనే గడిపింది.

క్యాంపు డైరెక్టరు డెబ్రాయే. ఆస్పత్రిలో నడుస్తూ మాట్లాడే మనిషి ఇక్కడ పరిగెడుతూ మాట్లాడేది. మెడలో విజిల్. మొదటిరోజు పిల్లలందర్నీ గడ్డిలో కూర్చోబెట్టి, ఇక్కడ ఎవరికీ ఏ బలవంతమూ లేదని చెప్పింది. చెప్పి విజిల్ ఊదింది. ఆ తరువాత ఈత, హీబ్రూ, పాటలు, పడవలు, మళ్ళీ పాటలు. ఆ స్వేచ్ఛను తట్టుకోలేనివాళ్ళంతా నర్సు గదిలో చేరేవాళ్ళు. ఈథన్ అనే పిల్లాడికి ఈత వేళకు కడుపునొప్పి వచ్చేది, ఐస్‌క్రీము వేళకు స్వస్థత కలిగేది. మా సంఘంలోనైతే అలాంటి స్వస్థతకు తలమీద నూనె పోసి, గంట ప్రార్థించి, తరువాతి ఆదివారం సాక్ష్యం కూడా చెప్పించేవాళ్ళు. లీలారాణి ఒక గ్లాసు నీళ్ళిచ్చి పంపేసేది.

వంటింటి దగ్గర ఆవిడకు ఒక పెద్ద దెబ్బ తగిలింది. వాళ్ళు మాంసమూ పాలూ కలపరు. రెంటికీ వేరే గిన్నెలు, వేరే ఫ్రిజ్‌లు. సంగతి తెలియని లీలారాణి తన పెరుగన్నం డబ్బా తీసుకెళ్ళి చికెన్ ఉన్న ఫ్రిజ్‌లో పెట్టింది. మాంచెస్టర్ నుంచి వచ్చిన వంటావిడ ఆ డబ్బా చూసి, ఫ్రిజ్‌లో తేలు కనపడ్డట్టు కేకపెట్టింది. పెరుగన్నం వరండాలోకి వెలివేశారు. ఫ్రిజ్ శుద్ధికి ఒక పూట పట్టింది. "ఇరవయ్యేళ్ళు బైబిలు చదివాను, ఫ్రిజ్ గురించి ఎవరూ చెప్పలేదే" అని ఆవిడ నాతో వాపోయింది.

అబిగేయిల్ మాత్రం నీళ్ళలో చేపలా కలిసిపోయింది. శుక్రవారం సాయంత్రానికి ఎవరిదో తెల్ల చొక్కా అడిగి తొడుక్కుంది. ఆ సాయంత్రం వాళ్ళకు సబ్బాతు మొదలవుతుంది. ఫోన్లు లేవు, కార్లు లేవు, పని లేదు. దీపాలు వెలిగించారు, రొట్టె విరిచారు, బల్లల మీద గుద్దుతూ పాడారు. భోజనం చల్లారిపోయినా పాట ఆగలేదు. ఈ ఒక్క విషయంలో వీళ్ళు మనవాళ్ళేనని లీలారాణికి అనిపించింది.

మర్నాడు పొద్దున జరిగినదానికి మాత్రం ఆవిడ సిద్ధంగా లేదు. క్యాంపులో జోనా అని ఒక కుర్ర రబ్బీ ఉన్నాడు. నలిగిన చొక్కా, కాళ్ళకు చెప్పులు. దేవుడు అడిగాడని అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలివ్వడానికి కొండెక్కిన సంగతి పిల్లలకు చెప్పాడు. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి చెయ్యెత్తి, ఈరోజుల్లో అయితే గార్డులు వచ్చి తీసుకుపోయేవాళ్ళంది. ఇక్కడ గార్డులంటే పోలీసులు. లీలారాణి చప్పున పైకి చూసింది. ఆకాశం విరుచుకుపడలేదు. రబ్బీ సంతోషంగా చేతులు రుద్దుకుని, "బాగుంది. దీనికి ఎదురు ఎవరు వాదిస్తారు?" అన్నాడు. ఇద్దరు లేచారు. వాళ్ళు అబ్రాహాము తరఫున, ఈ పిల్ల ఇస్సాకు తరఫున. అరుచుకున్నారు. ఆ గొడవలో అబిగేయిల్ చెయ్యి పైకి లేచింది.

"డిడ్ ఎనీబడీ ఆస్క్ హిస్ మ్యామ్?" అంది. వాళ్ళమ్మని ఎవరైనా అడిగారా అని.

బల్లలన్నీ దబదబా మోగాయి. రబ్బీ ఆ పిల్లకు వంగి నమస్కారం పెట్టాడు. మా సంఘంలో చివరిసారిగా ప్రశ్న అడిగినాయన ఇప్పుడు వాటర్‌ఫర్డ్ వెళ్తున్నాడు. మా సండేస్కూల్లో అబిగేయిల్‌కు ఇన్నేళ్ళుగా వచ్చిన మెచ్చుకోలు 'నిటారుగా కూర్చుంది' అన్నదొక్కటే.

ఇక ఏలీయా సంగతి. రోజూ ఫోను చేసి, కరపత్రాలు ఎందాకా వచ్చాయని అడిగేవాడు. పని జరుగుతోందని లీలారాణి చెప్పేది. అది అబద్ధం కాదు, పేలు దువ్వే పని నిజంగానే జరుగుతోంది. రెండోవారం మధ్యలో ఆయన, "మేం వస్తున్నాం" అన్నాడు.

"తల్లిదండ్రులు వచ్చేది ఆదివారవండీ. ఆరోజు ఎవరైనా రావచ్చు."

"ఆదివారం మనకి ఆరాధన ఉందిగా. శనివారం వస్తాం. వాళ్ళ సబ్బాతుకి."

"శనివారం వద్దండీ. ఆరోజు వాళ్ళు గేటు కూడా తియ్యరు. ఫోన్లూ కార్లూ ఏవీ ఉండకూడదు."

"దేవుడు తెరిచిన గేటుని ఎవరు మూస్తారే?" అని ఆయన ఫోను పెట్టేశాడు.

శనివారం పొద్దున్నే ఒక అద్దె వ్యానులో బయల్దేరాం. టైటస్ నడిపాడు. నా ఒళ్ళో పెద్ద తపేలాతో చికెన్ బిర్యానీ. సంఘం ఆడవాళ్ళం ముందురోజే చికెన్‌ను పెరుగులో నానబెట్టి ప్రేమతో వండాం. అంటే మోషే ధర్మశాస్త్రాన్ని ఎన్ని రకాలుగా మీరవచ్చో అన్ని రకాలుగానూ మీరి, మూతకు పిండి పెట్టి మరీ బిగించాం. ఏలీయా తెల్ల శాలువా ఒకటి కప్పుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. చేతిలో బూర.

గేటు మూసే ఉంది. లోపల పసుపు సెక్యూరిటీ కోటు వేసుకున్న కళ్ళద్దాలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. పిల్లల తండ్రుల్లో ఒకడు, కాపలా వంతు ఆయనదట. దాడుల భయంతో ఈ మధ్య యూదులు జాగ్రత్తగా ఉండక తప్పడం లేదు. ఆయన మర్యాదగానే, మీరెవరు, ఎవరికోసం వచ్చారు అని అడిగాడు. పేరు చెప్పి, లీలారాణి భర్తనని చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఏలీయా తన పేరు చెప్పలేదు. శాలువా సర్దుకుని, చేతులు రెండూ పైకెత్తి, "వి హావ్ కమ్ ఫర్ ద చిల్డ్రన్ ఆఫ్ ఇజ్రాయెల్!" అన్నాడు.

ఆ మాటను కాపలా ఉన్నవాడు ఎలా అర్థం చేసుకుంటాడో ఆయన ఆలోచించలేదు. నేను ఆలోచించాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ఏలీయా బూర నోట్లో పెట్టుకున్నాడు.

తల్లిని వెతుక్కునే దూడ అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. సరస్సు మీద బాతులన్నీ లేచిపోయాయి. కళ్ళద్దాలాయన తన రేడియోలో ఏదో అన్నాడు. లోపల విజిల్ మోగింది. గడ్డి మీద పాడుకుంటున్న పిల్లలందర్నీ జిమ్‌లోకి తోసి తలుపులు వేశారు. కాసేపటికి అత్లోన్ నుంచి గార్డుల కారు వచ్చింది. లైట్లు తిరుగుతున్నాయి. టైటస్ మాత్రం ఫోను దించలేదు. "బ్రదర్, మూడొందల మంది చూస్తున్నారు, ఇంకోసారి ఊదండి" అంటున్నాడు.

గార్డుల్లో ఒకామె, చిన్నవయసు పిల్ల, మమ్మల్ని వరుసగా నిలబెట్టి వ్యానులో ఏముందని అడిగింది. నేను తపేలా చూపించాను. మూత తియ్యమంది. పిండి పగలగొట్టి తీశాను. ఆవిరి ఆమె మొహానికి కొట్టింది. "జీసస్" అంది ఆమె. ఏలీయా "ఆమెన్" అన్నాడు.

లోపల్నుంచి డెబ్రా వచ్చింది, వెనకాల లీలారాణి. గార్డమ్మ లీలారాణిని అడిగింది, ఈయన మీకు తెలుసా అని. వరుసలో నిలబడ్డ మాకందరికీ ఒకటే భయం, 'ఆయన్ని నేనెరుగను' అంటుందేమోనని. ఆవిడ కాసేపు ఆలోచించింది కూడా. ఆలోచించడం మేమంతా చూశాం.

"తెలుసు. నా భర్త. లోపలికి మాత్రం రావట్లేదు" అంది ఇంగ్లీషులో.

ఏలీయా తెలుగులోకి దిగాడు. "ఏంటే నువ్వు మాట్లాడేది? మనం వాళ్ళ స్నేహితులవని చెప్పు వాళ్ళకి!"

"స్నేహితులైతే ఆదివారం రమ్మన్నప్పుడు ఆదివారం వస్తారండీ. లోపల చిన్నపిల్లలు భయపడి ఏడుస్తున్నారు. నేనెళ్ళాలి."

"నేను నీ భర్తనే!"

"అందుకే చెప్పాను తెలుసని."

డెబ్రా ఆయన దగ్గరికొచ్చి, చాలా మంచి మనసుతో వచ్చారని తెలుసు, ఈరోజు మాత్రం కుదరదని మెత్తగా చెప్పింది. ఏలీయా ఆమె తలమీద చెయ్యి పెట్టి దీవించబోయాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, ఆ దీవెన అక్కణ్ణుంచే ఇవ్వండి, అందుతుంది అంది.

బిర్యానీ లోపలికి వెళ్ళే దారే లేదు. కేర్‌టేకరు జెర్రీ ఎక్కణ్ణుంచో పేపరు ప్లేట్లు తెచ్చాడు. గార్డులిద్దరూ కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నారు. చిన్నవయసు గార్డమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కూడా రెండోసారి పెట్టించుకుంది. ఆరోజు మా సువార్త యాత్రలో ఎవరికైనా ఆకలి తీరిందంటే వాళ్ళకే.

తిరుగు ప్రయాణంలో వ్యాను కిల్కెన్నీ చేరేలోపు ఏలీయా సాక్ష్యం తయారుచేసుకున్నాడు. గేటు బయట ఆయన హింసలు పొందాడట. కానీ టైటస్ వీడియో ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. అది డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్ ఊరి తెలుగు గ్రూపులోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి సాఫ్ట్‌వేరు వాళ్ళ గ్రూపుల్లోకి, అక్కణ్ణుంచి వాటర్‌ఫర్డ్‌కు. ఎవరో కుర్రాడు ఆ బూర శబ్దానికి డప్పు కలిపి పాట కూడా చేశాడు. వాటర్‌ఫర్డ్ పాస్టరుగారు ప్రత్యేకంగా ఫోను చేసి, బ్రదర్ గురించి ప్రార్థిస్తున్నామని చెప్పారు. ఏలీయాకు అన్నిటికంటే ఎక్కువ మండింది దానికే.

క్యాంపు అయిపోయి లీలారాణీ అబిగేయిల్ ఇంటికొచ్చారు. ఏలీయా భార్యతో మాట్లాడలేదు. అలిగిన మగాడు మాట్లాడకపోతే ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందని నాకు తెలీదే అని లీలారాణి నాతో అంది. డిక్కీ ఖాళీ చేస్తుంటే కరపత్రాల పెట్టె బయటపడింది, వేసిన టేపు వేసినట్టే. ఏలీయా దాన్ని చూశాడు. అనాల్సిందంతా ఆదివారానికి దాచుకున్నాడు.

ఆదివారం గది నిండిపోయింది. వీడియో చూసినవాళ్ళు కొందరు కొత్తగా కూడా వచ్చారు. ఏలీయా మైకు పట్టుకుని గేటు దగ్గర తను పడ్డ శ్రమల గురించి మొదలుపెట్టాడు. సొంత ఇంటివాళ్ళే శత్రువులైన సంగతి, భర్తకు లోబడని స్త్రీల అంత్యస్థితి, అన్నీ వచ్చాయి. లీలారాణి ఎప్పటిలాగే మొదటి వరుసలో తల వంచుకుని కూర్చుంది. పక్కన అబిగేయిల్ చెయ్యెత్తింది.

ఏలీయా చూడనట్టు ఇంకాస్త గట్టిగా చెప్పాడు. ఆ పిల్ల చెయ్యి దించలేదు. మోచేతికి రెండో చెయ్యి ఆనించి పట్టుకుంది. చివరికి ఆయనే ఆగాల్సి వచ్చింది.

"ఏంటమ్మా? బాత్రూమా?"

"నో. డాడీ, దే సెడ్ సండే. వై డిడ్ యు గో ఆన్ సాటర్డే?"

ఏలీయా మొహం ఎర్రబడింది. "కూర్చో" అన్నాడు. పిల్ల కూర్చునే ఉంది. "వాక్యం చెప్పేటప్పుడు మధ్యలో ప్రశ్నలేంటి? లీలా, పిల్లని బయటికి తీసుకెళ్ళు."

లీలారాణి తల ఎత్తింది. "చెప్పండి. పిల్ల అడుగుతుందిగా" అంది. గొంతు పెంచలేదు. గది మొత్తానికీ వినపడింది.

ఏలీయా జవాబు చెప్పాడు. అది ఏదెను తోటలో మొదలై, నోవహు ఓడ మీదుగా, ఐగుప్తు దాటి, చాలాసేపు నడిచింది. ఎక్కడా శనివారం రాలేదు. ముగించాక అబిగేయిల్, "సో యు డోంట్ నో" అంది జాలిగా. వెనక వరుసలో ఎవరో నవ్వారు. నవ్వింది నేనేనని ఏలీయా నేటికీ నమ్ముతాడు. నిజానికి నవ్వింది టైటస్.

ఆ వారం తరువాత మా సంఘం మారింది. రెండు కుటుంబాలు క్రమశిక్షణ చాల్లేదని వాటర్‌ఫర్డ్ వెళ్ళిపోయాయి. వాళ్ళకంటే ఎక్కువమంది, ఈవారం ఏం జరుగుతుందోనని, కొత్తగా రావడం మొదలుపెట్టారు. మూల కూర్చునే ఒక పెద్దావిడ, ఎన్నడూ నోరు విప్పనిది, నూనె రాసినా తన మోకాళ్ళు ఎందుకు తగ్గలేదని నిలబడి అడిగింది. ఏలీయాకు ప్రతి ఆదివారం పరీక్షకు చదువుకున్నట్టు చదువుకుని రావాల్సి వస్తోంది. ప్రసంగాలు కాస్త బాగుపడ్డాయి కూడా. ఆ మాట మాత్రం ఆయనతో ఎవరం అనం.

ఈ ఏడాది మేలో డెబ్రా మళ్ళీ అడిగింది. ఈసారి లీలారాణి ఇంట్లో అడక్కుండానే సెలవు పెట్టేసి, డెబ్రాను ఒక ఆదివారం టీకి పిలిచింది. నన్నూ రమ్మంది. ఏలీయా పొద్దుటినుంచీ ఇస్త్రీ చొక్కాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక యూదురాలు ఆయన సోఫాలో కూర్చోబోతోంది. నిరుటి గొడవ ఆయన మరిచిపోయాడు, లేదా క్షమించాడు. ఎవర్ని క్షమించాడో ఆయనకే తెలియాలి.

డెబ్రా వచ్చింది. మా పిండివంటలకు నమస్కారం పెట్టి, పళ్ళు మాత్రం తిన్నది. పాలు లేని టీ తాగింది. ఏలీయా ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని, గొంతు సవరించుకుని, తన జీవితమంతా దాచుకున్న ప్రశ్న అడిగాడు. యెరూషలేములో మందిరం మళ్ళీ ఎప్పుడు కడతారని మీ పెద్దలు అనుకుంటున్నారు?

డెబ్రా కాసేపు నిజంగానే ఆలోచించింది. "నాకు తెలియదండీ. మా వంటింటికి ఒక గది కలపడానికి రెండేళ్ళుగా బిల్డరు దొరకట్లేదు" అంది. తరువాత లీలారాణి వైపు తిరిగి, ఈ ఏడాది పేల దువ్వెనలు ఎన్ని తెప్పించమంటావని అడిగింది. ఇద్దరూ దాంట్లో పడ్డారు. అబిగేయిల్ వచ్చి ఆమె పక్కన చేరి, తను ఈసారి పెద్దపిల్లల గుంపులో ఉంటుందా లేదా అని వాదనకు దిగింది.

ఆమె కారు సందు మలుపు తిరిగిందాకా ఏలీయా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. తరువాత కర్టెను సర్ది, గిన్నెలు తీస్తున్న భార్యతో గంభీరంగా అన్నాడు:

"లీలా, ఆవిడ అసలైన యూదురాలు కాదేమోనే."